ఎనిమిది ఇంగ్గిహ్‌లు

సోమవారం పొద్దున వెనింగ్ ఆఫీసు గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికొచ్చేసరికి పా గునర్సో ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. యజమాని పనిగట్టుకుని వచ్చి మన కుర్చీలో కూర్చున్నాడంటే అది కుశలం అడగడానికి కాదని జీతం మీద బతికేవాళ్ళందరికీ తెలుసు.

“సెప్టెంబరులో డ్రైవర్లతో చేశావే, ఆ టెస్టు కాగితాలు ఎక్కడున్నాయమ్మా?” అన్నాడాయన. గొంతు మెత్తగా ఉంది. ఆయన గొంతు మెత్తబడిన రోజునే ఆఫీసంతా భయపడుతుంది.

“బీరువాలో ఉన్నాయి, పా. ఎనిమిదీ ఉన్నాయి.” జావాలో పెద్దవాళ్ళలో మగవాళ్ళు ‘పా’, ఆడవాళ్ళు ‘బూ’, అయ్యగారు, అమ్మగారు అన్నట్టు.

“సుంబెర్‌జాతి ఊరి డ్రైవరుది తీయి. ఆయన పేరు సుకిది.”

తీసింది. అరఠావు అట్టముక్క. పైన పేరు, ఊరు. మధ్యలో చేయించిన పని. అట్టకడుగున ‘అర్థమైందా?’ అన్న ప్రశ్న, దాని పక్కన రెండు గడులు. మొదటి గడిలో నీలిరంగు టిక్కు, పొడుగు తోకతో. ఆ తోక చూస్తే చాలు, అది వెనింగ్ చెయ్యేనని ఆఫీసులో ఎవరైనా చెప్పేస్తారు. రెండో గడి ఖాళీ. ఎనిమిది కార్డుల్లోనూ రెండో గడి ఖాళీయే.

పా గునర్సో దాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నాడు. ఒకటి చాలక రెండు తీసుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు సంగతి.

వాళ్ళ కంపెనీ చేసిన యాప్ పేరు జెంపుత్. కొండ ఊళ్ళలో ఊరుమ్మడి బండి ఒకటి ఉంటుంది. కిడ్నీలు పాడైన వాళ్ళను రక్తం శుద్ధి చేయించడానికి ఏ డ్రైవరు ఏ వేళకు ఆసుపత్రికి తేవాలో జెంపుత్ ఆ డ్రైవరు ఫోనుకి కబురు పెడుతుంది. ఆసుపత్రి ఈ నెలలో కొత్తగా రాత్రి వంతు తెరిచింది. మొట్టమొదటి రాత్రి వంతు సుంబెర్‌జాతికే పడింది.

“పోయిన గురువారం రాత్రి ఏడింటికి ఇద్దరిని తేవాలి. నర్సులు మంచాలు సిద్ధం చేసుకుని కూర్చున్నారట. బండి రాలేదు. ఆ ఇద్దరిలో ఒకావిడ, తుకినెమ్ అవ్వ, శనివారం తెల్లారేసరికి ఊపిరాడక ఆసుపత్రిలో పడింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు. ఇంకా ఆక్సిజన్ మీదే ఉంది.”

“డ్రైవరేమంటున్నాడు, పా?”

“ఏమంటాడు? తప్పయిందంటున్నాడు. బండి తాళాలు తీసేసుకున్నారు. ఈ గురువారం పొద్దున ఊరి హాల్లో విచారణ. అక్కడ ఎవడో ఒకడు ‘యాప్ అర్థం కాలేదేమో పాపం’ అంటాడు, చూస్తూ ఉండు. అనేలోపే మనం ఈ కార్డు బల్ల మీద పెట్టాలి. అర్థమైందని ఆయనే చెప్పాడు, ఇదిగో టిక్కు. ఇంకేం మాట్లాడతారు?” లేచి ఆమె భుజం మీద తట్టాడు. “నీ కార్డు దండగనుకున్నా ఇన్నాళ్ళూ. ఇవాళ కంపెనీ పరువు కాపాడింది. వచ్చే నెల నుంచి డిజైనర్లందరి చేతా ఇదే వాడిద్దాం.”

ఏడాదిగా ఆ మాట కోసమే ఎదురుచూసింది వెనింగ్. డిజైనర్లకు మనుషుల దగ్గరికి వెళ్ళి చూడమంటే ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. నెలరోజుల పరిశోధన, అరవై పేజీల నివేదిక అంటే కంపెనీ భరించదు. అందుకే అరగంటలో ఎవరైనా చేయగలిగేలా అరఠావు అట్టమీదికి కుదించింది. అడుగు, చూడు, టిక్కు పెట్టు. అంతే. కోరుకున్న మాట చెవిన పడ్డాక సంతోషం రావాలి కదా? రాలేదు. ఆ టిక్కు వంకే చూస్తూ నిలబడింది. తప్పయిందని ఒప్పుకున్నవాడి మీద మళ్ళీ తన కార్డెందుకు?

*

ఆ మధ్యాహ్నం వీడియో తెరిచింది. టెస్టు చేసేటప్పుడు ఫోనును చిన్న స్టాండుకి తగిలించి ఎదుటివాళ్ళ చేతులు మాత్రమే పడేలా తీయడం ఆమె అలవాటు. మనిషి ముఖం మర్యాదలు పాటిస్తుంది, చేతులకు అన్ని మర్యాదలు తెలియవు అని కొత్తవాళ్ళకు పాఠం కూడా చెబుతుంది. చెప్పేవాళ్ళు చేయాలని ఎక్కడుంది? సెప్టెంబరులో ఈ ఎనిమిది వీడియోల్లో ఒక్కటీ పూర్తిగా చూడలేదామె. కార్డుల్లో అన్నీ టిక్కులే ఉన్నాయి, ఇంకా చూసేదేముందని.

సుకిది చేతులు నల్లగా, గోళ్ళ చివర గ్రీజుతో కనిపించాయి. బొటనవేలు తెర మీద ఆనీ ఆనకుండా తిరుగుతోంది. పక్కపక్కనే రెండు డబ్బాలు. ఒకదాంట్లో చందమామ బొమ్మ, కింద ‘మలామ్’. రాత్రి అని. రెండో దాంట్లో ‘కమిస్’. గురువారం అని. బొటనవేలు మొదటి డబ్బా మీద ఆగింది, రెండోదాని మీదికి జరిగింది.

పదిహేడో నిమిషంలో ఆయన తనలో తాను గొణుక్కున్నాడు. వెనింగ్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు అదిమిపెట్టి మళ్ళీ విన్నది.

“మలామ్ కమిస్... బుధవారం నాకు కాపలా వంతు ఉందే. ఆ, కర్సోతో మార్చుకుంటాలే.”

దాని మీదే తన గొంతు పడింది, హుషారుగా. “సరిపోయింది కదా, పా? అర్థమైంది కదా?”

“ఇంగ్గిహ్, మ్బా.” అవునమ్మా అని.

తర్వాత కార్డు మీద పెన్ను గీసిన చప్పుడు. బరుక్కుమని.

వెనింగ్ వీడియో ఆపేసింది. మలామ్ కమిస్. చిన్నపిల్లలక్కూడా తెలిసిన మాట. ఈ దేశంలో పొద్దు గుంకితే రేపు మొదలైపోతుంది. మింగ్గు అంటే ఆదివారం, కానీ మలామ్ మింగ్గు ఆదివారం రాత్రి కాదు. శనివారం సాయంత్రం కుర్రకారు సెంటు పూసుకుని బళ్ళమీద ఊరేగే రాత్రి. అలాగే మలామ్ కమిస్ అంటే బుధవారం పొద్దు గుంకాక. గురువారం రాత్రి అని చెప్పాలంటే మాటలు తిప్పి ‘కమిస్ మలామ్’ అనాలి. తెరమీద రెండు డబ్బాలుగా ఉన్నప్పుడు దాన్ని తను మాటగా చదవనే లేదు. చందమామను చూసింది, వారాన్ని చూసింది, ముందుకెళ్ళిపోయింది. డ్రైవరు ఫోనుకి వెళ్ళే కబురులో డబ్బాలుండవు. ‘మలామ్ కమిస్, 19.00’ అని ఒక్క వరసే ఉంటుంది. తారీఖు ఉంటే కబురు రెండో వరసకు పోతుందని తీసేశారు.

ఆయన తప్పు చదవలేదు. ఆయనే సరిగ్గా చదివాడు.

మిగతా ఏడు వీడియోలూ సాయంత్రం దాకా చూసింది. అంతటా ఇంగ్గిహ్. ఒకాయన నాలుగుసార్లు అన్నాడు. ఇంగ్గిహ్ అంటే అవునని నిఘంటువు చెబుతుంది. జావాలో పుట్టినవాళ్ళకు దానికి ఇంకా అర్థాలున్నాయి. విన్నాను అని, మీ మాట కాదనడం బాగుండదు అని, ఇక నన్ను వదిలెయ్ తల్లీ అని. తను ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది. అయినా ఎనిమిదింటినీ ఒకే గడిలో పడేసింది. పైగా వచ్చే నెల నుంచి మరో నాలుగు ఊళ్ళకు రాత్రి వంతులు మొదలవుతున్నాయి. వాటికీ ఇదే కబురు వెళుతుంది.

*

మంగళవారం స్కూటరు వేసుకుని కొండ ఎక్కింది. దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉంది, ఒక్క వాక్యమూ కుదరలేదు.

సుకిది ఇంటి ముందు ఊరి బండి నిలబెట్టి ఉంది. తాళాలు ఊరిపెద్ద దగ్గరున్నాయి. అయినా ఆయన తడిగుడ్డ పట్టుకుని అద్దాలు తుడుస్తున్నాడు. తుడవడానికి తాళాలక్కర్లేదు కదా. వెనింగ్‌ను చూడగానే గుడ్డ మడిచి బానెట్ మీద పెట్టి, నడుం వంచి రెండు చేతులతో ఆమె చెయ్యి అందుకున్నాడు.

“ఎండన పడి వచ్చారా, మ్బా! కూర్చోండి కూర్చోండి. ఏమేవ్, టీ!”

చాపల మీద కర్రపెండలం ముక్కలు ఎండుతున్నాయి. అరుగు మీద ఆయన భార్య బూ పైనెమ్ తీపి టీ, వేయించిన సోయాగింజల తెంపె ముక్కలు తెచ్చి పెట్టింది. పెట్టి లోపలికి వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఈమెను చూస్తుంటే ఇంట్లో మాటలన్నీ ఈమెవే అని తెలిసిపోతుంది.

“పా, పోయిన బుధవారం రాత్రి బండి తీశారా?” అంది వెనింగ్.

సుకిది గ్లాసు మూత సవరించాడు. “అయిపోయిందాని గురించి ఎందుకులెండి.”

“తీశాడమ్మా!” అంది బూ పైనెమ్. “కాపలా వంతు మార్చుకుని మరీ తీశాడు. అవ్వనీ, ఆ రెండో ఆయన్నీ ఎక్కించుకుని ఆరున్నరకే గేటు దగ్గరున్నాడు. గేటువాడు పుస్తకం చూసి ఇవాళ మీ పేర్లు లేవు, కొత్త కబురొస్తుంది పొండి అన్నాడు. ఈయన ఇంగ్గిహ్ అన్నాడు. వచ్చేశాడు. అప్పట్నుంచి ఫోను దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు, కబురొస్తుందని. రాదే!”

“మరి ఊరిపెద్దకు ఎందుకు చెప్పలేదు?”

“ఆవిడ ఏమడిగింది? ‘గురువారం నువ్వెళ్ళలేదటగా, సుకిదీ?’ అంది. వెళ్ళలేదుగా మరి. ఇంగ్గిహ్ అన్నాడు. అయిపోయింది! ఇంగ్గిహ్ ఇంగ్గిహ్, ఓరా కెపంగ్గిహ్ అని ఊరికే అన్నారా పెద్దలు? అవునవునంటారు, అయ్యేదేమీ ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఈ మనిషి నోట ‘కాదు’ అన్న మాట నేను వినలేదు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంగ్గిహ్ అనేశాడు, నన్ను సరిగ్గా చూడకుండానే!”

“చూశానే,” అన్నాడు సుకిది చిన్నగా.

వెనింగ్ నవ్వలేకపోయింది. “పా, ఆ రోజు మీరు బుధవారం అని గొణుక్కున్నారు. వీడియోలో ఉంది. అర్థమైందా అని నేనడిగినప్పుడు బుధవారమేనా అని నన్నెందుకు తిరిగి అడగలేదు?”

ఆయన ఇబ్బందిగా కదిలాడు. చాప మీద ఒక కర్రపెండలం ముక్కను తిరగేశాడు.

“మీరు ఇలాగే ఎండన పడి వచ్చారు, మ్బా. చెమటలు కారుతున్నాయి. ఆ పూటకు నేను మూడోవాణ్ణని అన్నారు. చేతిలో కాగితం ఉంది, అందులో గడి ఉంది. అది ఖాళీగా పోతే మీ ఆఫీసులో మీకు మాట వస్తుందేమోనని.”

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. ఆయన యాప్‌కు కాదు, ఆమె గడికి ఇంగ్గిహ్ అన్నాడు. ఆమెకు సాయం చేశాడు. ఆ సాయాన్నే పా గునర్సో రెండు ఫోటోలు తీసుకుని ఆయన మెడకు కట్టబోతున్నాడు. వెనింగ్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

“గురువారం చెబుతారా, బుధవారం వెళ్ళానని?”

“ఇంగ్గిహ్,” అన్నాడు సుకిది.

బూ పైనెమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

*

బుధవారం ఆమె వీడియోను ముందు యోసాఫత్‌కు చూపించింది. ఆ డబ్బాలు గీసింది అతనే. వేరే దీవిలోని మేడాన్ నుంచి వచ్చిన బతాక్ జాతి మనిషి, ఆఫీసుకంతా బాంగ్ యోస్, అంటే యోస్ అన్న. మెల్లగా మాట్లాడదామనుకున్నా ఆ గొంతు రెండు గదుల అవతలికి వినబడుతుంది. మొదట ఎగిరిపడ్డాడు.

“మీ జావావాళ్ళతో ఇదే గొడవ! అర్థం కాకపోతే కాలేదని చెప్పడానికేం రోగం? మా ఊళ్ళో అయితే మా మేనత్త ఆ ఫోను నా నెత్తినేసి కొట్టేది.”

“బాంగ్ యోస్, మలామ్ మింగ్గు ఎక్కడికెళ్తున్నావ్?”

“శనివారమా? సినిమాకి. ఎందుకు?”

వెనింగ్ అతని తెర మీది చందమామను చూపుడువేలితో చూపించింది. యోస్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

“అయ్యో నా తల్లీ. వారం వారం తిరుగుతూనే ఉన్నానే మలామ్ మింగ్గు! నేనే గీశాను దీన్ని!”

“నేనే టిక్కు పెట్టాను.”

ఇద్దరూ కలిసి పా గునర్సో గదిలోకి వెళ్ళారు. ఆయన వీడియో మొత్తం విన్నాడు. వినకుండా కొట్టిపారేసే రకం కాదు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. విన్నాక అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మాటను మారుద్దాం. ఇవాళే మారుద్దాం, ఎవరికీ చెప్పకుండా. రేపు మాత్రం కార్డొక్కటే చూపిస్తాం. వీడియో ఎవరూ అడగలేదు.”

“ఆయన బండి పోతుంది, పా.”

“ఆయన ఒప్పుకున్నాడు కదా. మందలించి వదిలేస్తారు. పోతే ఒక డ్రైవరు. మన మాట పోతే ఏడు ఆసుపత్రులు, ఇరవై మంది ఉద్యోగాలు. నీ కార్డు సంగతి కూడా ఆలోచించు. నీ టెస్టే తప్పని నువ్వే నిలబడి చెబితే ఇకముందు ఈ ఆఫీసులో టెస్టు అన్న మాట ఎవడు వింటాడు? ఏడాది కష్టం నీది.”

ఆడలేక మద్దెల ఓడంటే లోకం నవ్వుతుంది. కానీ మద్దెల నోరెత్తదు కదా, అందుకని అదే తేలిక. వెనింగ్‌కి ఆయన మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా ఆయన మాటల్లో నిజం ఉందని భయం వేసింది. కార్డు పోతే డిజైనర్లు మళ్ళీ ఎవర్నీ చూడకుండా గీస్తారు. మళ్ళీ ఎక్కడో ఒక అవ్వకు ఊపిరాడదు. తప్పు ఒప్పుకుంటే మంచి పని ఆగిపోతుంది, ఒప్పుకోకపోతే మంచివాడు పోతాడు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపినదాన్ని అలాగే వదిలేసి లేచింది.

*

గురువారం హాల్లో తొమ్మిదింటికల్లా అందరూ చేరారు. ఊరిపెద్ద బూ హర్యాని, ఆమె గుమాస్తా, ఇద్దరు ఊరి పెద్దమనుషులు. ఆసుపత్రి నుంచి అధికారి పా ద్వియోనో, ఒక నర్సు. పా గునర్సో బాతిక్ చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా కూర్చున్నాడు. సుకిది చివరి కుర్చీలో అంచున, కూర్చున్నాడో లేచి ఉన్నాడో తెలియనట్టు ఉన్నాడు. బూ పైనెమ్‌ను లోపలికి పిలవలేదు, ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. యోస్ కూడా అక్కడే గోడకు ఆనుకున్నాడు.

“గురువారం మీరు వెళ్ళలేదు. నిజమేనా, పా సుకిది?” అంది బూ హర్యాని.

“ఇంగ్గిహ్, బూ. తప్పు నాదే. ఈ మ్బా నాకు అన్నీ సరిగ్గానే చూపించారు.”

గుమ్మం దగ్గర బూ పైనెమ్ నుదురు కొట్టుకుంది. పా గునర్సో బ్యాగులో నుంచి కార్డు బయటికి తీశాడు. ఆ నీలి టిక్కు బల్ల మీదికి వచ్చేలోపే వెనింగ్ లేచి నిలబడింది.

“బూ, కార్డు చూసేముందు ఒక్క రెండు నిమిషాలు. అందరికీ తలో చీటీ ఇస్తాను. మాట్లాడుకోకూడదు, పక్కవాళ్ళది చూడకూడదు.”

“వెనింగ్,” అన్నాడు పా గునర్సో మెత్తగా.

ఆమె వినిపించుకోలేదు. జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ళ మాట వినిపించుకోకపోవడం, ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టుంది. సుకిదికి తప్ప అందరికీ చీటీలు పంచి, తన ఫోను పైకెత్తి అందరికీ చూపించింది. తెర మీద ఒక్క వరసే ఉంది. ‘మలామ్ సెలాసా, 19.00’. సెలాసా అంటే మంగళవారం. గురువారం పెడితే ఈ గొడవంతా తెలిసినవాళ్ళు ఆలోచించి రాస్తారని రాత్రే వారం మార్చిపెట్టుకుంది.

“మీ ఫోనుకి ఈ కబురొచ్చింది. ఏ వారం నాడు బండి తీస్తారో రాయండి. ఆ ఒక్క మాటే.”

అర్థమైందా అని నోటి చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేసింది. ఒక పెద్దాయన అద్దాల కోసం జేబులు వెతుక్కున్నాడు. వీళ్ళలో ఇద్దరు మంగళవారం అని రాస్తే చాలు, తన పని అయిపోయినట్టే. సుకిది పనీ అయిపోయినట్టే. నర్సు ముందు రాసింది. తర్వాత పా ద్వియోనో, రాసి, చీటీని నాలుగు మడతలు పెట్టాడు.

వెనింగ్ చీటీలు పోగుచేసి ఒక్కొక్కటే విప్పి చదివింది.

“సోమవారం. సోమవారం. సోమవారం సాయంత్రం. సోమవారం. సోమవారం. సోమవారం.” ఏడోది విప్పింది. “ఇందులో ఏమీ రాయలేదు.”

ఆ చీటీ ఎవరిదో ఆమె చెప్పలేదు. పా గునర్సో చొక్కా గుండీ సవరించుకున్నాడు.

“ఇందులో వింతేముంది?” అన్నాడు పా ద్వియోనో విసుగ్గా. “మలామ్ సెలాసా అంటే సోమవారమే. ఎవరినడిగినా అంతే చెబుతారు.”

“మా యాప్‌ను అడిగితే మంగళవారం రాత్రి అంటుంది, పా. పోయిన వారం పా సుకిదికి మలామ్ కమిస్ అని పంపింది. గురువారం రాత్రి అన్న ఉద్దేశంతో. ఆయన మీరందరూ చదివినట్టే చదివారు. అప్పుడు తప్పుగా అడిగింది నేను. గడి నింపుకోవడానికి అడిగాను, ఆయన నింపిపెట్టారు. ఆ టిక్కు ఆయనది కాదు, నాది.”

పా ద్వియోనో తన చీటీని చేతిలోకి తీసుకుని, తన రాతే అయినా ఎవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత సుకిది వైపు తిరిగాడు.

“అంటే బుధవారం రాత్రి మీరు వచ్చారా?”

“ఇంగ్గిహ్.”

“ఏ ఇంగ్గిహ్ అయ్యా ఇది? వచ్చిన ఇంగ్గిహా, నన్ను వదిలెయ్యమనే ఇంగ్గిహా?”

“వచ్చాడండీ!” గుమ్మం దగ్గర నుంచి బూ పైనెమ్ కేక పెట్టింది. “మీ గేటు పుస్తకం అడగండి!”

పా ద్వియోనో అక్కడికక్కడే గేటుకి ఫోను చేశాడు. అవతలివాడు పేజీలు తిప్పుతున్న చప్పుడు ఇవతలికి వినిపించింది. బుధవారం, ఆరున్నర, సుంబెర్‌జాతి బండి, పేర్లు లేవు, తిప్పి పంపాం. ఆయన ఫోను బల్ల మీద పెట్టేశాడు. రేపేనని ఒక్కమాట ఆ గేటువాడు చెప్పినా సరిపోయేది. ఆ సంగతి ఆయన ముఖంలోనే కనిపిస్తోంది.

“నేనూ అదే రాశాను,” అన్నాడు చివరికి, ఎవరితో అన్నదీ లేకుండా.

బూ హర్యాని సొరుగు లాగి తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. సుకిది వాటిని రెండు చేతులతో అందుకున్నాడు, ఆమెకే ఏదో ఉపకారం చేస్తున్నంత వినయంగా.

బయట ఎండలో పా గునర్సో కారు తలుపు తెరిచి పట్టుకుని చాలాసేపు ఎక్కలేదు. వెనింగ్, యోస్ ఎదురుగా నిలబడ్డారు. ఉద్యోగం పోయిందనే అనుకుంది వెనింగ్. అనుకున్నాక కొంచెం ఊపిరి ఆడింది.

“రేపట్నుంచి ఆ కార్డు ఎవరూ ముట్టుకోవద్దు,” అన్నాడాయన.

“ఇంగ్గిహ్, పా.”

“మరి ఏం ముట్టుకోవాలో సోమవారానికి రాసి తీసుకురా. అరఠావు దాటకూడదు.”

“సోమవారం పగలేనా, పా?” అన్నాడు యోస్. ఉండబట్టలేడు కదా. పా గునర్సో కారెక్కాడు. తలుపు మాత్రం గట్టిగా వేశాడు.

*

సుకిది వాళ్ళను టీ తాగకుండా పోనివ్వనన్నాడు. అదే అరుగు, అవే కర్రపెండలం ముక్కలు. యోస్ తన ఫోనులో కొత్త కబురు తయారుచేశాడు. ‘కమిస్ మలామ్ 21, 19.00’. మాటలు తిప్పాడు, తారీఖు తిరిగి పెట్టాడు, అదీ ఒక్క వరసలోనే. తన తెలివికి తానే మురిసిపోతూ వెనింగ్‌కి అందించాడు.

వెనింగ్ సంచిలోంచి ఒక కార్డు తీసి, వెనక్కి తిప్పి ఖాళీ వైపు మోకాలి మీద పెట్టుకుంది. ఫోను సుకిది చేతికిచ్చింది. “ఇది రేపు మీకొచ్చిందనుకోండి, పా,” అని ఆపేసింది.

ఆయన తెర చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు, జవాబు అక్కడ రాసి ఉంటుందని. ఆమె చాపల వైపు చూపు తిప్పుకుంది. ఇంతసేపు ఎవరూ మాట్లాడకుండా కూర్చోవడం ఈ నేల మీద ఎంత మర్యాదతక్కువ పనో ఇద్దరికీ తెలుసు. యోస్ ఏదో అనబోతే ఆమె అతని కాలు తొక్కింది. బొటనవేలు తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్ళింది, వెనక్కి వచ్చింది, ఆగింది.

“ఇంగ్...” అన్నాడు సుకిది. ఆగాడు. జేబులో తాళాలు తడుముకున్నాడు. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న అవ్వ గుర్తొచ్చిందో ఏమో, ముఖం మారింది.

“మ్బోతెన్, మ్బా.”

కాదు అని. అంత మెల్లగా అన్నాడు, అంటూనే తల వంచేశాడు. “కోప్పడొద్దు. ఈ ఇరవై ఒకటి ఏమిటో నాకు తెలియడం లేదు. తారీఖా, మంచం నంబరా?”

యోస్ నోరు తెరుచుకుపోయింది. లోపల గ్లాసులు కడుగుతున్న చప్పుడు ఠక్కున ఆగింది. బూ పైనెమ్ తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చి మొగుణ్ణి ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

“ఏమన్నారు మీరు?”

వెనింగ్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనపడకుండా వంగి పెన్ను మూత తీసింది.

“ఇంకొక్కసారి అనండి, పా,” అంది. “రాసుకుంటాను.”